ఇటలీవారి వంట – ఇల్లాలి విస్తరి

ఇల్లాలు హోటలునకు పోయి భోజనము చేయుట తగునా, తగదా యను ప్రశ్న మన కోనసీమ యిండ్లలో నింకను చల్లాఱలేదు. పెద్ద పట్టణములవారీ మాట విని నవ్వవచ్చును. కాని అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో పుట్టినరోజునకో, పరీక్షలో మంచి మార్కులు వచ్చినందుకో పిల్లలు "పిజ్జా తినడానికి పోదాం" అని పట్టుపట్టిననాడు జరుగునది చూడుడు. తండ్రియు పిల్లలును బయలుదేరుదురు. తల్లి మాత్రము "నాకు మజ్జిగాన్నము చాలును, మీరు పోయిరండి" అని గడపయొద్దనే నిలిచిపోవును. ఆమె నిజముగా నిష్టము లేకయే యట్లనుచున్నదా, లేక అనుట అలవాటై యనుచున్నదా? ఈ సందేహమే మా యీ వ్యాసమునకు కారణము.

బయట భోజనము చేయుట మన జాతికి క్రొత్త గాదు. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామము 15వ శతాబ్దపు కావ్యము. అందు మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీధులన్నియు తిరిగి వేడుకలు చూతురు. ఆ నగరమున లక్ష్మణవజ్ఝల యింట నొక్క రూకకు దొరకు భోజనమును కవి లెక్కపెట్టి చెప్పినాడు: పరిమళించు సన్నన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. నేటి హోటలులో ధరలపట్టిక చేతి కిచ్చునట్లు ఆ కవి పద్యములోనే పట్టిక నిచ్చినాడు. అటుపిమ్మట పూటకూళ్ళ యిండ్లు మన యూరూరను వెలసినవి. గురజాడవారి కన్యాశుల్కములోని పూటకూళ్ళమ్మను ఎఱుగని తెలుగువా రుండరు. భర్తను గోలుపోయిన యువతులకు వేఱు జీవనాధారము లేని దినములలో అన్నము వండి అమ్ముకొనుట యొక దారి. కావున స్త్రీ పూటకూళ్ళ యింట నెన్నడును లేకపోలేదు. అయితే ఆమె యుండినది పొయ్యియొద్ద, పీటమీద గాదు.

మన సీమలో అన్నదానమనగానే లంకల గన్నవరము డొక్కా సీతమ్మగారు స్మృతికి వత్తురు. 1841లో జన్మించి 1909లో కాలధర్మము నొందిన ఆ మహాయిల్లాలు వైనతేయ తీరమున వేళ గాని వేళ వచ్చిన బాటసారులకును కులము నడుగక అన్నము పెట్టినది. గన్నవరమున గోదావరిపాయమీద కట్టిన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరే పెట్టిరి. 2024లో రాష్ట్రప్రభుత్వమువారు బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆ పేరే యుంచిరి. పెట్టిన చేతిని మనము పూజించుచున్నాము, అది తగినదే. కాని పెట్టిన చేయి తా నెప్పుడు తినినదో ఆ కథలలో నెవరును చెప్పరు.

తరువాత కాఫీ హోటళ్ళు వచ్చినవి. అవి చాలకాలము మగవారికే. ఆడువారు పోవలసివచ్చినచో "ఫ్యామిలీ రూము" అని తెరకట్టిన చిన్న గది యుండెడిది. 1996లో ఢిల్లీ, బెంగుళూరు నగరములలో అమెరికా కంపెనీలవారి పిజ్జా దుకాణములు మొదటిసారి తెఱువబడినవి. అటు పిమ్మట నా రొట్టె నగరమునుండి పట్టణమునకు, పట్టణమునుండి మన కాలువగట్లకు వచ్చిచేరినది. నేడు మన జిల్లా కేంద్రమగు అమలాపురమున ఇటలీ వంటలు చేసిపెట్టుదుమని పలక కట్టుకొన్న చిన్న భోజనశాలలు కనబడుచున్నవి.

ఇటలీయనగా మనకేమి చుట్టఱికమని మీరడుగవచ్చును. చుట్టఱికము కలదు. వెనీసు నగరపు వర్తకుడు మార్కో పోలో 13వ శతాబ్దము చివర మన మోటుపల్లి రేవును గూర్చి వ్రాసి, ఆ రాజ్యమును వివేకవతియగు నొక రాణి న్యాయముగా పాలించినదని కొనియాడినాడు. ఆమె మన రుద్రమదేవియే యని చరిత్రకారు లందురు. 15వ శతాబ్దమున నికోలో దె కోంతి యను మఱియొక వెనీసువాడు విజయనగరమునకు వచ్చినాడు. తెలుగు మాటలు ఇటలీ భాషవలె అచ్చులతో ముగియునని గ్రహించినవాడు అతడేయనియు, తెలుగునకు "ప్రాచ్యదేశపు ఇటాలియను" అను పేరు అందుండి వచ్చినదనియు లోకులు చెప్పుకొందురు. దాని ప్రమాణ మెట్లున్నను మాట నిజమే. పాస్తా, పిజ్జా, రిసోట్టో, లసాన్యా – ఈ పేళ్ళు పలుకుటకు మన నాలుక కేమాత్రమును కష్టము లేదు గదా! హైదరాబాదులో తయారై మన వంటయింటి డబ్బాలలో నున్న బాంబినో సేమ్యాను చూడుడు. బాంబినో యనగా ఇటలీ భాషలో పసివాడు. మనము పాయసము వండినప్పుడెల్ల ఆ దేశపు మాట నొక్కటి మన చేతిలో నున్నట్లే.

ఇక వంటల సంగతి. పాస్తా యనగా గట్టి గోధుమరవ్వను నీటితో పిసికి, చేసి, ఎండబెట్టిన సేమ్యావంటిదే. దారములు, గొట్టములు, శంఖములు, రేకులు – ఆకారములు మాత్రము పెక్కు. మార్కో పోలో దీనిని చీనానుండి తెచ్చెనని వాడుకలో నొక కథ కలదు. అది సరిగాదు. అతడు 1295లో స్వదేశము చేరెను. అంతకు ముందే, 1154లో, అల్ ఇద్రీసీ యను అరబ్బు భూగోళవేత్త సిసిలీ ద్వీపమున త్రాబియా యను నూర నిట్టి పిండిదారములను చేసి ఓడలలో నెగుమతి చేయుచున్నారని వ్రాసియున్నాడు. నేటికిని బోలోన్యా నగరమున స్త్రీలు పొడుగాటి అప్పడాల కఱ్ఱతో పిండిని పలుచని రేకుగా వత్తుదురు. బారీ పట్టణపు సందులలో ముసలమ్మలు గుమ్మములముందు బల్లలు వేసికొని బొటనవ్రేలితో నొక్కి చెవులవంటి పాస్తాను చేయుదురు. ఇది చదివినప్పుడు మాకు మన ఆత్రేయపురపు స్త్రీలు కన్నులకు గట్టిరి. బోర్లించిన కుండమీద పలుచని బియ్యపుపిండి బట్టను ఒక్క వ్రేటున లాగి, పొరను తీయు ఆ నేర్పు మాత్రము తక్కువదా? 2023లో ఆత్రేయపురము పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఎక్కడ చూచినను పిండిని రేకుగా చేయు చేయి ఆడుదానిదే.

పిజ్జా నేపుల్సు నగరపు పేదల రొట్టె. పులిసిన గోధుమపిండిని పలుచగా సాగదీసి, టమాటా గుజ్జు పూసి, చీజు చల్లి, కట్టెలపొయ్యిలో కాల్తురు. ఆ పిజ్జా చేయు కళను 2017లో యునెస్కోవారు మానవజాతి సాంస్కృతిక సంపదల పట్టికలో చేర్చిరి. 2025 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సమావేశమున ఇటలీ వంటయంతయు నా పట్టికలో చేరినది. మన దీపావళి పండుగయు నదే సమావేశమున చేరినది. మన గోదావరి జిల్లాల దిబ్బరొట్టెను తలచుకొనుడు. క్రింద నిప్పులు, మూతపైన నిప్పులు పెట్టి కాల్చగా పైన కరకరలాడి లోపల మెత్తగా నుండు ఆ రొట్టెను మెచ్చువారు మంచి పిజ్జాను మెచ్చకపోరు.

టమాటా లేని ఇటలీవంటను నేడు మన మూహింపలేము. కాని టమాటా ఇటలీది కాదు. 1492లో ఇటలీ దేశపు జెనోవావాడగు కొలంబసు సముద్రము దాటిన పిమ్మట అమెరికానుండి యూరోపునకు వచ్చిన పంట యది. టమాటా పచ్చడివంటి వ్యంజనమును గూర్చి ఇటలీలో మొదట అచ్చైన విధానము నేపుల్సునందు 1690ల నాటి ఆంతోనియో లాతీనీ గ్రంథమున నున్నది. మన మిరపకాయ చరిత్రయు నట్టిదే. అదియు అమెరికానుండి పోర్చుగీసు ఓడలలో వచ్చినదే. అందుచేతనే కాబోలు, మా యిండ్లలో తద్దినపు వంటలో మిరపకాయను, టమాటాను వాడక మిరియముతోనే సరిపెట్టుదురు. టమాటా లేని ఇటలీ, మిరప లేని కోనసీమ యొకప్పు డుండెడివన్నమాట. ఇది మా వంట, అది పరాయివంట యని గీత గీయువారు ఈ రెండు కాయలను జ్ఞప్తియం దుంచుకొనవలెను. ఇటలీవారు పైన చల్లు బాసిలు ఆకుకూడ మన తులసికి చెల్లెలే. వేసవిలో మనము నానబెట్టి త్రాగు సబ్జాగింజలు ఆ మొక్క గింజలే.

శాకాహారు లొక్క సంగతి మాత్రము తప్పక తెలిసికొనవలెను. ఇటలీలో చేయు పార్మెజాను చీజునందు పాలను విరుచుటకు దూడ కడుపునుండి తీసిన పదార్థమును వాడుదురు; అక్కడి నియమమే యట్టిది. మన దేశమున పొట్లములలో నమ్ము చీజుమీద శాకాహారమైనచో పచ్చచుక్క ఉండును. కావున "ఏ చీజు వాడుచున్నారు? పచ్చచుక్క కలదా?" అని హోటలులో నడుగుట తప్పు గాదు. పిజ్జామీద వేయు మెత్తని మొజరెల్లా చీజును ఇటలీలోని కంపానియా ప్రాంతమున గేదెపాలతో చేయుట ప్రసిద్ధము. గేదెపాడి గల మన కోనసీమవా రిది విని సంతోషింపవచ్చును.

ఇంత చదివినమీదట మేమును అమలాపురమున నట్టి భోజనశాల కొకదానికి పోయితిమి. మా వారు ఉపాధ్యాయులు. జీతము రాగానే నెలకొక్కసారి పిల్లలను బయటికి తీసికొనిపోవుట వారి వాడుక. ఆనాడు మా అత్తగారును మాతో వచ్చిరి. ఆమెకు డెబ్బదికి చేరువ. ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. "అక్కడ మంచినీళ్ళు త్రాగి కూర్చుందును, చూచుటకు తప్పేమి" అని మనుమరాలి చేయిపట్టుకొని వచ్చిరి. తెల్లని బల్ల, దానిచుట్టును కుర్చీలు, గాజు గ్లాసులు. వడ్డించు పిల్లవాడు మన ప్రాంతమువాడే, మాటలోనే తెలియుచున్నది. వాడు కాగితము, కలము పట్టుకొని మొట్టమొదట పెద్దామెయొద్దకు పోయి వంగి, "మామ్మగారూ, తమకేం తెమ్మంటారండి?" అని యడిగినాడు.

మా అత్తగారు తెల్లబోయిరి. కొడుకు మొగము చూచిరి, మా మొగము చూచిరి. పెండ్లియై వచ్చిననాటినుండి మామగారిని, మఱదులను, ఆడుబిడ్డలను, బిడ్డలను, చుట్టములను, పాలేరులను "ఏమి కావలెను" అని యడిగినామె. తన్ను ఆ మాట యడిగినవారు లేరు కాబోలు. కొంచెము సేపటికి, "వాళ్ళకేం కావాలో కనుక్కో నాయనా. మిగిలింది నాకు చాలు" అనిరి.

ఆ పిల్లవాడు నవ్వి, "ఆయ్, ఇక్కడ మిగిలింది పెట్టమండి మామ్మగారూ! ఎవరి పళ్ళెం వాళ్ళదేనండి" అన్నాడు.

వాడు పరిహాసమునకే అన్నాడు. అయినను ఆ మాటకు మా బల్లయొద్ద నందఱును ఒక్క నిమిషము మౌనము వహించిరి. మా వారు ధరలపట్టికను మూసి, తల్లివైపు తిరిగి, పట్టికలోని వంటలను ఒక్కొక్కటిగా తెలుగున చెప్పనారంభించిరి. బడిలో పాఠము చెప్పినట్లే చెప్పిరి. మేము నవ్వు నాపుకొంటిమి. కడపట నామె టమాటాతో చేసిన పాస్తాను వెల్లుల్లి లేకుండ చేసి తెమ్మనిరి. వాడు లోపలికి పోయి కనుగొని వచ్చి, అట్లే చేయించి తెచ్చినాడు. మొదటి ముద్ద నోట పెట్టి ఆమె, "ఇది ఉడకలేదురా" అనిరి. ఇటలీవారు పాస్తాను మెత్తగా నుడికింపరనియు, పంటి క్రింద కొంచెము తగులునట్లే దింపుదురనియు మేము చెప్పగా, "అయితే పులిహోరకు అన్నము పలుకుగా వార్చినట్లన్నమాట" అని తలయూపి పళ్ళెము పూర్తిచేసిరి. ఇటలీవారు పెక్కుమాటలలో వివరించుదానిని ఆమె యొక్క "పలుకు"తో తేల్చివేసిరి.

వేడి యుండగానే అందఱును ఒక్కసారి తినిరి. ఎవరును లేచి వంటయింటిలోనికి పోలేదు. ఎవరి పళ్ళెమునకో నేయి తక్కువైనదని మేము సగములో చేయి కడుగుకొనలేదు. ఆ పూట మాకు రుచించినది పాస్తాయా, ఈ సుఖమా యని విచారించి చూడగా రెండవదే యని తోచినది. ఐదుగురికి పదునాలుగువందల రూపాయలైనవి. ఉపాధ్యాయుని యింట నది తక్కువ సొమ్ము గాదు. కాని ఆ సొమ్మునకు మేము కొనుక్కొన్న దేమో ఇప్పుడు స్పష్టముగా తెలిసినది. ఇంటివారితోపాటు కూర్చుండి, వేడిగా, కడుపునిండ, పిలుపు లేకుండ నొక్క పూట తినుట.

మన గ్రంథములలో నీ విషయమునకు మూలమున్నది. అరణ్యవాసమున పాండవులకు సూర్యభగవానుడు అక్షయపాత్ర నిచ్చినాడు. అందు ఎంతమందికి పెట్టినను అన్నము తఱుగదు. కాని నియమ మొక్కటి: ద్రౌపది భుజించినంతనే ఆనాటికి పాత్ర వట్టిదగును. అందుచేత నామె అందఱి తరువాతనే తినవలెను. ఆమె తినినపిమ్మట దుర్వాసుడు శిష్యులతో వచ్చుటయు, ఆమె శ్రీకృష్ణుని ప్రార్థించుటయు మీ రెఱిగినదే. చిన్ననాట చదివినప్పుడు మాకు కృష్ణుని మహిమయే కనబడినది. ఇప్పుడు చదువునప్పుడు, తాను తినుటే నేరమైనట్లు ఆ తల్లి పడిన భయము కనబడుచున్నది. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యింట ఋతువునకు తగినట్లు పరమభాగవతులకు వడ్డించిన వంటలను రాయలవారు నోరూరునట్లు చెప్పిరి. ఆ యిల్లాలు తా నేవేళ తినినదో యన్న మాట మాకందు కానరాలేదు.

ఇది పురాణకాలపు ముచ్చట గాదు. కేంద్రప్రభుత్వ గణాంకశాఖవారు 2024లో జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతము లేని యింటిపనికి స్త్రీ దినమునకు 289 నిమిషములును, పురుషుడు 88 నిమిషములును వెచ్చించుచున్నారని తేలినది. మనము వంట చేయుచుండగా "నలభీమపాక" మని పేరు మాత్రము ఇరువురు మగవారికి వచ్చినది! ఇటలీలోను నిట్టిదే. అక్కడి యింటివంటలను దేశమంతటికి తెలిపిన గ్రంథమును పెల్లెగ్రీనో ఆర్తూజీ యనునతడు 1891లో ఫ్లోరెన్సున తన సొమ్ముతో అచ్చువేయించెను. ఆ వంటలను అతని యింట చేసి చూచినవారిలో మారియెత్తా సబతీనీ యను వంటమనిషి యొకతె. లోకమున నిలిచినది ఆర్తూజీ పేరు. అయినను అతడు కృతజ్ఞుడు. తన మరణానంతరము పుస్తకపు టాదాయము ఆమెకును, తన యింటి మఱియొక వంటవానికిని చెందవలెనని వీలునామా వ్రాసెను. పొగడ్తకంటె నిట్టి కృతజ్ఞత మేలు.

ఇటలీ రిసోట్టో యను వంటలోను స్త్రీల కష్టమున్నది. అది పాలవలె చిక్కగా నుడికించిన వరియన్నము. ఆ వరి పండునది పో నదీమైదానమున. నీరు నిలిచిన మళ్ళలో మోకాలిలోతున వంగి కలుపుతీసిన స్త్రీలను ఆ దేశమున మోందీనె లనెడివారు. 20వ శతాబ్దారంభమున వారు పోరాడి దినమునకు ఎనిమిది గంటలే పని యను నియమమును సాధించిరి. ఊడ్పులనాడు మన చేలగట్లమీద నిలిచి చూచినవారికి వారి బాధ వివరింప నక్కఱలేదు. పళ్ళెములోని మెతుకును చూచినపుడు వంగిన నడుమునుగూడ తలచుకొనవలెను.

అయితే ఈ వ్యాసము చదివి మీరు వారమువారము హోటలునకు పొండని మా యుద్దేశము గాదు. మైదాపిండి, చీజు, ఉప్పు విరివిగా గల ఆ రొట్టె పిల్లలకు నిత్యాహారము గాజాలదు. చక్కెర పానీయము తోడైనచో మఱియు చేటు. మన పట్టణములలో దొరకు పిజ్జా యెక్కువగా అమెరికా పద్ధతిది. రొట్టె మందము, చీజు విస్తారము. ఇటలీవారి దింత బరువైనది కాదు. పోయినప్పుడు పలుచని రొట్టెను, కూరగాయలు గల దానిని కోరుకొనుడు. పెద్దది యొకటి తెప్పించి నలుగురు పంచుకొనుట సొమ్మునకును, పొట్టకును మేలు. బిల్లు నొకసారి చదువుడు. దానిలో "సర్వీసు చార్జి" అని ప్రత్యేకముగా వేసినచో అది తప్పనిసరి గాదు. వినియోగదారుల రక్షణాధికారులు 2022లో నిట్లు నిర్దేశించిరి. 2025లో ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించినది. మీరు సంతోషించి వడ్డించిన పిల్లవాని చేతిలో పెట్టునది వేఱు. ముండ్లచెంచా పట్టుట రాదని సిగ్గుపడవలదు. పిజ్జాను ఇటలీలోను చేతితో తినుదురు. నేపుల్సు వీధులలో నొకప్పుడు మకరోనీని తల పైకెత్తి చేతితోనే నోటిలోనికి జాఱవిడిచెడివారు.

ఇంటను చేసికొనవచ్చును. నలుగురికి పావుకిలో పాస్తా, అరకిలో పండిన టమాటాలు చాలును. టమాటాలను మరగుచున్న నీటిలో నొక్క నిమిషముంచి తొక్కతీసి చిదుపుడు. బాణలిలో రెండు గరిటెల నూనె కాగినపిమ్మట, తినువారు రెండు వెల్లుల్లి రేకులను చిదిపి వేసి, తిననివారు మానివేసి, టమాటాగుజ్జును, ఉప్పును, కొంచెము మిరియపుపొడిని చేర్చి సన్నని సెగమీద ఇరువది నిమిషములు మగ్గనిండు. వేఱొక గిన్నెలో విస్తారముగా నీరు మరగించి, ఉప్పు వేసి, పాస్తాను పలుకుగా నుడికించి అన్నమువలె వార్చుడు. ఆ వార్చిన నీటిని పాఱబోయక ఒక గరిటెడు బాణలిలో పోయుడు. గంజివంటి ఆ నీరే గుజ్జును పాస్తాకు పట్టించును. పిమ్మట రెండును కలిపి, బాసిలు దొరకనిచో కొత్తిమీర చల్లి, వెంటనే వడ్డింపుడు. ఇది చల్లారినచో రుచి చెడును. అందుచేత దీనిని వండినవారును అందఱితోపాటే కూర్చుండి తినక తప్పదు. ఈ వంటలో మాకు నచ్చిన గుణమిదియే.

అసలు కోరదగిన దిదియే కాని పిజ్జా గాదు, పాస్తా గాదు. ఇటలీలో కుటుంబమువారు నడుపుకొను చిన్న భోజనశాలను త్రాత్తోరియా యందురు. అచట గిన్నెలు బల్ల నడుమ నుంచి చేతినుండి చేతికి అందించుకొనుట వాడుక. మన యింటను నట్లేల చేయరాదు? పప్పు, కూర, పులుసు, పెరుగు నడుమ నుంచిన పక్షమున, ఎవరికి కావలసినది వారు వడ్డించుకొందురు. పదేండ్ల కొడుకు తల్లికి నేయి వడ్డింపగలడు. ఒక్క పూట, వారమున కొక్క పూట, ఇట్లు కూర్చుండుట కెవరి యాచారమును అడ్డురాదు. మా యింట ఆదివారపు రాత్రి భోజన మిప్పు డిట్లే జరుగుచున్నది. మా అత్తగారు మొదట రెండువారములు ప్రక్కగదిలో కూర్చుండిరి, మూడవవారము మనుమడు "మామ్మా, నీకేం కావాలి?" అని యడుగగా వచ్చి కూర్చుండిరి.

పంక్తిభేదము పాపమని మన పెద్దలు చెప్పిరి. ఒకే పంక్తిలో కూర్చున్నవారి కొకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ వడ్డింపరాదు. అది గొప్ప ధర్మము. కాని పంక్తిలోనే చోటులేనివారి సంగతి యేమి? వడ్డించిన చేతికి వేఱుగా చివర నొక పంక్తి, అందులో మిగిలిన కూర, చల్లారిన అన్నము. ఇది పంక్తిభేదము గాదా? పురుషులును దీనిని యోచింపవలెను. అంతకంటె ముందు మనమే యోచింపవలెను. "నాకు మజ్జిగాన్నము చాలు" నను మాట మన నోటినుండియే గదా వచ్చుచున్నది.

సోదరీమణులారా! ఈ మాఱు పిల్లలు బయలుదేరినప్పుడు మీరును చీర మార్చుకొని బయలుదేరుడు. అత్తగారిని, అమ్మగారిని వెంటబెట్టుకొని పొండు. వడ్డించువాడు "ఏమి కావలెను" అని యడిగినప్పుడు మీకు కావలసినది చెప్పుడు. తిరిగివచ్చిన పిమ్మట ఆ ప్రశ్నను మీ యింటివారికిని నేర్పుడు. ద్రౌపది పాత్ర సూర్యుడిచ్చినది. ఆమె తినినచో వట్టిదయ్యెను. మన గిన్నెలు బజారున కొన్నవి. మనము ముందు తినినను, వెనుక తినినను అందులో నుండునది మనము వండినంతయే.